వేలెడు మందం

కెమెరా అడుగున ఈ ఇనప నాలుక బిగించాక
తోలు గూడు మూతపడటం లేదు.
వేలెడు మందం ఎక్కువైంది.
అంతే. వేలెడే.

"ఏదో ఒకటి వదులుకో," అన్నాడు రెయినో కాంగస్,
డులూత్‌లో, కొండ దిగే సందులో
స్కేటింగ్ బూట్లకు అట్టలు మార్చే మనిషి.
"గూడైనా, మీటైనా."
రెండూ ఆయన బల్ల మీదే పెట్టి
కదలకుండా నిలబడ్డాను.
బయట సున్నాకి ఇరవై కింద.
తలుపు సందులో గాలి ఈల వేస్తోంది.

ఆయనకి చూపించాను:
మీట లేకపోతే, బొమ్మ బొమ్మకీ
ఉన్ని తొడుగు పళ్ళతో లాగి
కంటిని కిటికీ నుంచి ఎత్తి
పైనున్న మర తిప్పుకోవాలి.
అప్పటికి వేళ్ళు నావి కాకుండా పోతాయి.
మీట ఉంటే తొడుగుతోనే
కింద నుంచి లాగు, వదులు,
కిర్రుమని ఒక గడి ముందుకి.
కన్ను కదలదు. ఓడ కదులుతుంది.

"మరి గూడెందుకు?"
గూడు లేకపోతే కోటు లోపల
నా ఒంటి వెచ్చదనానికి అద్దం చెమరుస్తుంది,
బయటికి తీస్తే ఆ చెమట మంచవుతుంది.
ఇంకో సంగతి ఆయనకి చెప్పలేదు.
ప్రాక్టర్‌లో ఎవరిదో ఇంటి సామాను అమ్ముతుంటే
ఇస్త్రీపెట్టె పక్కన దొరికింది ఇది.
గూడు అడుగున మడిచిన చీటీ, పెన్సిల్ రాత:
"మంచు అబద్ధం చెబుతుంది. రెండు గీతలు కలుపు."
ఎవరిదో తెలియని ఆ చేతిరాతని
ఖాళీ పెట్టెలో ఎలా పారేస్తాను?

మూడు రోజులు. ముప్పై డాలర్లు.
అడుగు కుట్లు విప్పి
హాకీ చేతితొడుగు తోలు ఒక పట్టీ అతికాడు.
పాతది టీ రంగు, కొత్తది నల్లబెల్లం.
మీట బయటికి రావడానికి ఒక గాటు.
మూత టప్పున పడింది.

జనవరి నడిమి, ఆ ఏటికి ఆఖరి ఓడ.
పొడుగ్గా ఒకసారి, పొట్టిగా ఒకసారి కూసింది,
వంతెన అలాగే బదులిచ్చి పైకి లేచింది.
కిటికీలో రెండు ఓడలు.
రింగు తిప్పితే ఒకదాన్లోకి ఒకటి దూరాయి.
ముందు కొసన ఒకడు
కొయ్య సుత్తితో తాళ్ళ మీద మంచు రాలగొడుతున్నాడు.
రోజంతా ఎక్స్‌రే గదిలో
"ఊపిరి బిగపట్టండి" అనేదాన్ని,
నేనే బిగపట్టాను.
లాగాను, నొక్కాను, లాగాను, నొక్కాను,
ఎన్నాళ్ళ ఆకలో ఎడమ చేతికి!

మధ్యలో ఒకచోట మీట తేలికైంది.
చేతికి తెలిసింది.
నమ్మలేదు.

రాత్రి స్నానాలగదిలో ఫిల్ము ఆరేశాను.
మబ్బు లేని ఆకాశంలో మెరుపులు,
సన్నటి వేర్లలా, గడి తర్వాత గడిలో.
పంతొమ్మిదో దగ్గర అంచు రంధ్రాలు చిరిగి
తర్వాతవన్నీ ఒకేచోట పడ్డాయి:
ఓడ మీద ఓడ, దాని మీద ఓడ,
సుత్తివాడు నలుగురై, చివరికి ఒట్టి నలుపు.

రెయినో దాన్ని దీపానికెత్తి చాలాసేపు చూశాడు.
"ఎండు చలిలో తొందర నిప్పు పుట్టిస్తుంది.
మైనం పూసిన దారం లాగినట్టు లాగాలి."
ఆలస్యం అమృతం విషం అంటారు మావాళ్ళు.
ఈయనకి ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు.
నవ్వాను. మెరుపుల గడి ఒకటి అడిగి తీసుకున్నాడు,
తన డబ్బు పెట్టె మూతకి లోపలివైపు అంటించుకున్నాడు.

ఇప్పుడు మార్చి. కాలవలో మంచు పలకలు
ఒకదానికొకటి రాసుకుంటూ గొణుగుతున్నాయి.
తొందరేం లేదు, మీట విప్పేశాను.
ఇప్పుడు గూడు వేలెడు వదులు.
అడుగున పాత ఉన్ని తొడుగు సగం కుక్కాను,
అయినా నడుస్తుంటే లోపల కాస్త కదులుతూనే ఉంది.

చీటీ రెండో వైపు ఖాళీ.
పెన్సిల్ ఎక్కడో పెట్టాను.