దువ్వెన విరిగిన పూట

కొర్లగుంటలో మా పార్లర్.
కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద ఒక్క ఫ్యానే తిరగతా ఉండాది.
తలుపు తోసుకోని వొచ్చింది ఆ పిల్ల.
మలావీ అంట, ఈడ బీఫార్మసీ.
పేరడిగితే చికొండి అనింది.
నీ పేర్లోనే మా కొండుండాదే మే, అన్నా.
నవ్వలా. నా ఇంగ్లీషు అట్లుండాది.
రెండోసారి చెప్తే నవ్వింది.

మొదటి దువ్వెన ఆమె తల్లోనే విరిగింది.
రెండు పళ్లు లోపలే ఉండిపోయినాయి.
నేను సారీ అనే లోపల ఆమే సారీ అనింది.
చిన్నప్పట్నించీ దువ్వెనలకి సారీ చెప్పి అలవాటంట.

ఇంగ నన్ను కుర్చీలో కూచోబెట్టి
నా జడ విప్పి నేర్పించింది,
పాయ యాడ తీసేది, నెత్తికి అంటించి ఎట్లల్లేది.
వేళ్లతో వినాలక్కా, కండ్లతో కాదు.

ఐదు గంటల పని. రెండు టీలు, ఒక సమోసా.
అంతలో ఎన్ని ఊర్లు తిరిగినామో.
జొహానెస్‌బర్గ్‌లో వాళ్లన్న టమేటా లమ్మతాడంట.
ఆడ అందురూ మీ రంగే గదా, అన్నా.
"రంగొకటే. నోరు తెరిస్తే యాస పట్టేస్తారు.
బయటోడికి ఆడ వేరే పేరుండాది."
ఆర్కాటుకి కూలికి పోయిన మా మామ గుర్తొచ్చినాడు.
చెప్పలా.

బర్మింగ్‌హామ్‌లో చిన్నమ్మ,
ముసలోళ్లకి తానాలు చేయించే పని.
ఒకామె రోజూ అడగతాదంట,
నీ రంగు నా టవలుకి అంటదు గదా అని.
చిన్నమ్మ రోజూ చెప్తాదంట,
అంటదమ్మా, నాకే ఇంకా సరిగ్గా అంటలా.

"మా ఊర్లో నేను నల్లదాన్ని కాదక్కా.
పడవల మేస్త్రీ కూతుర్ని, లెక్కల్లో ఫస్టు.
విమానం దిగినాకే నల్లదాన్నయినా."

నాకు విమానం అక్కర్లేకపోయింది, అన్నా.
పుట్టిన పూటే మంత్రసాని చెప్పేసింది మా నాయనకి:
కర్రి పిల్ల, కానీ ముక్కు బాగుండాది.
ఆ 'కానీ'ని పట్టుకోని నలభై ఏండ్లు బతికినా.

ఇద్దరం నవ్వినాం.
ఆ నవ్వులోనే అనేసినా, మనిద్దరం ఒకటే మే, అని.
నా వేళ్ల కింద ఆమె మెడ బిగుసుకునింది.
"కాదక్కా.
నువ్వు బస్సెక్కితే నీ పక్క సీటు నిండతాది.
ఫోటో కోసరం ఎవురూ నీ బుజం మీద చెయ్యెయ్యరు.
నీ జుట్టు లాగి, నిజందేనా అనరు.
ఈ నెల్లో పదకొండు ఇండ్లు చూసినా.
ఫోన్లో అందురూ రమ్మనినారు."

ఎదురుగా అద్దం.
అద్దం పక్కన నేనే అంటించిన బొమ్మ:
సగం మొగం నలుపు, సగం తెలుపు,
మూడు సిట్టింగులు, పద్దెనిమిది నూర్లు.
ఆమె చూళ్లా. చూసీ చూళ్లేదేమో.
ఆ క్రీము నేనూ పూసినా పదేండ్లు.
మెడ కాడ ఆగిపోతాది,
సుద్దతో గీత గీసినట్టు.

పొద్దు గూకినాక చిన్నమ్మ వీడియోలో వొచ్చింది.
సాపుగా, బుజాల దాకా జుట్టు.
విగ్గంట. డబ్బా మీద ఇండియా అని రాసుండాదంట.
కొండ మీద కత్తి కింద తల వొంచినామె ఎవురో,
బిడ్డ జరమో, మొగుడి తాగుడో,
ఏం మొక్కుకునిందో.
ఆ మొక్కు ఇప్పుడు చలి దేశంలో
ఎవురి వీపులో రుద్దతా ఉండాది.
బాగుందా, అనింది తల తిప్పి.
బాగుందమ్మా, అన్నా.
ఎవురిదని మాత్రం అడగబాకు, అని తెలుగులో అనుకున్నా.

లెక్కకి ఎనిమిది నూర్లు.
నేర్పినందుకు నేనే ఇయ్యాల్నని నేను,
కాదని ఆమె.
ఆఖరికి నాలుగు కాడ తెగింది.

మెట్ల మీద నిలబడి ఫోను తీసింది.
పన్నెండో ఇల్లు. బైరాగిపట్టెడ.
"అక్కా, నువ్వు మాట్లాడతావా?"
మాట్లాడినా. మా పిల్లే సార్, అన్నా.
యా ఊరమ్మా, అనినాడాయన.

ఆమె పక్క చూసినా.
అబద్దం వద్దని తలూపింది,
కొత్త జడలన్నీ ఒక్కసారి కదిలినాయి.

చెప్పినా.
ఆ పక్క టీవీ చప్పుడు, ఎవురో దగ్గినారు,
కుక్కర్ ఒక విజిలేసింది.

ఇంకా పెట్టెయ్యలా ఆయన.