పట్టీ ఊడదీసినాక

భుజమ్మీద రెండు నక్షత్రాలు మొన్నా ఉండాయి,
ఈరోజూ ఉండాయి.
వాటి కింద ఎర్ర అంచుల పసుపు పట్టీ,
వేలెడంతది,
అది మాత్రం లేదు.

"ఏదో పీకేసినారే, ఏం తప్పు చేసినావు?"
అనింది వసంత, చాటలో రాగులు చెరగతా.
సుబేదారు లెఫ్టినెంటు అయినాడని
ఎట్ట చెప్పేది ఆమెకి,
ఉండేది ఊడిపోతేనే పెద్ద ఉద్యోగమని!

నలభై ఒకటో ఏట
నేను పటాలంలో చేరిన సంవత్సరం పుట్టిన పిల్లోళ్లతో
వరసలో నిలబడినా.
వాళ్లు గోడెక్కి అవతలకి దూకతా ఉంటే
నా కుడి మోకాలు
ఎప్పుడో కూసున్న మంచుగుంతను తలచుకునేది.
ఒకడు నోరు జారి "అంకుల్" అని
నాలిక్కరచుకున్న్యాడు.
బూటు ముక్కు మీద మొకం కనపడేటట్టు
పాలిష్ పట్టేది వానికి నేనే నేర్పినా.
ఇంగ్లీషు ఉత్తరం కడాన ఏం రాసి
సంతకం పెట్టాల్నో
వాడు నాకు చెప్పినాడు, మూడుసార్లు.

సంతపేటలో ఖాజా టైలరు
బ్లేడు మొనతో ఒక్కొక్క కుట్టే తెంపినాడు.
పట్టీ కింద గుడ్డ
కొన్ననాటి పచ్చగానే ఉండాది.
చుట్టూరా ఎండకి వెలిసిపోయి
అక్కడ మాత్రం ఒక చార.
"ఇది పొయ్యేది కాదు సాబ్" అని
కొంచేపుండి,
"సార్" అన్న్యాడు.

సాబ్. సార్.
మారింది ఒక్క అక్షరం.
దానికి అవతల వేరే గది,
తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఎడమచేత ముల్లుచెంచా,
సంగటి ముద్ద తెలీని అన్నం.
ఇవతల మా పాత మెస్సులో
నా నవ్వు నేను లేకుండానే
నవ్వతా ఉంటాది.
పంపించేనాడు సుబేదార్లందరూ వాటేసుకున్న్యారు.
తెల్లారి వాళ్లే
ఆరడుగులు దూరం కొలిచి సెల్యూట్ కొట్టినారు.
వాళ్లకంటే ముందు నా చెయ్యి లేచింది.
ఇప్పుడూ అట్నే లేస్తాది.
చేతికి గెజిట్ చదవను రాదు కదా.

మా అవ్వ నాకు దొరస్వామి అని పేరు పెట్టింది.
చెనిక్కాయలు వలిచే కూలోళ్ల కొంపలో
దొర యాడినించి వస్తాడని
ఊరు ఊరంతా నగింది.
పేరు సగమన్నా నిజమయ్యేసరికి
అవ్వ లేదు.
నగినోళ్లు కూడా శానామంది లేరు.
పొయ్యి చెప్పుకోను మిగిలినోడు ఒక్కడు.

గుడిపాల దారిలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ,
గేటు కాడ కాలు విరిగి తాడు కట్టిన కుర్చీలో
చెంగల్రాయులు హవల్దార్, నా మొదటి ఉస్తాద్.
పులిసిన టెంకల వాసన, ముసురుకునే ఈగలు.
సంగతి ఆయనకి ముందే తెలిసిపోయినట్టుండాది.
మోకాలు పట్టుకోని లేచినాడు,
వాచ్‌మెన్ చొక్కా పైగుండీ పెట్టుకున్న్యాడు.
"జైహింద్ సార్!"
అప్పటికే నా చెయ్యి నుదుటి కాడ ఉండాది.
ఎవురిది ముందు దిగాల్నో తెలీక
ఇద్దురం అట్నే నిలబడిపోతిమి.
వెనకాల తోతాపురి లోడు లారీ
హారన్ మీద హారన్.

ఆయనే చెయ్యి దించినాడు.
కర్ర మొన నా మోచేతి కింద పెట్టి
రెండంగుళాలు పైకి లేపినాడు,
మీసాలు సరిగ్గా మొలవని నా మోచేతిని
అప్పుడు లేపినట్టే.
"ఆఫీసరు అయితే మాత్రం? వంకరే."

లారీకి గేటు తీయను పొయినాడు.
లోపలికి వచ్చినోళ్లు ఎవరైనా రాయాల్సిందేనంట,
రిజిస్టరు నా చేతికిచ్చి మరీ పొయినాడు.
పేరు రాసినా, ఊరు రాసినా, టైము రాసినా.
హోదా అనే గడి కాడ పెన్ను ఆగింది.
కుర్చీ ఖాళీగానే ఉండాది.
ఉస్తాద్ తిరిగొచ్చిందాకా
నిలబడుకోనే ఉన్న్యా.