అక్షరానికి పన్నెండు రూపాయలు

చీమకుర్తి రాయికి నలుపొక్కటే రంగు కాదు.
నీళ్లు పోసి సాన పట్టేకొద్దీ
లోపల్నించి చుక్కలు లేస్తాయి.
ఓడలెక్కి ఏ దేశాల గచ్చులకో పోయే రాయి.
ఈ ఒక్క పలక మాత్రం
సంతనూతలపాడు రోడ్డు పక్కన
నా రేకుల షెడ్డులో ఆగింది.

కమిటీవాళ్లు కాగితం ఇచ్చి పోయారు.
పైన ఆవిష్కర్త పేరు, రెండంగుళాలు, బంగారు రంగు.
పేరుకు ముందు హోదా, వెనక పతకాలు.
కింద మన జిల్లావాళ్లు ఆరుగురు.
వాళ్లకు అరంగుళం చాలన్నారు.
అక్షరానికి పన్నెండు రూపాయలు,
ఒత్తులకు వేరే లెక్క లేదు.

మూడోరోజు పొద్దున్నే
సైకిలు స్టాండేసి సుబేదార్ కాలేషా వచ్చాడు.
క్యాంటీన్ సంచీ, మోకాలికి పట్టీ,
ఇస్త్రీ నలగని చొక్కా.
"పేర్లు సరిచూసి పోదామని అబ్బయా."

సుద్దతో గీసిన వరసల మీద వేలు నడిపాడు.
మాలకొండయ్య పక్కన ఊరి పేరు తప్పన్నాడు.
ఏసోబును కాగితంలో యోసేపని దిద్దారు,
"వాళ్లమ్మ పిలిచినట్టే ఉండనీ" అన్నాడు.
మౌలాలి దగ్గర వేలు ఆగింది.
నేను బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోయాను.

తిరిగొచ్చేసరికి రాతిమీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"ఆ రాత్రి ఆకాశం ఇట్టనే ఉండింది.
చందమామ లేడు, ఒట్టి చుక్కలు.
గుట్ట ఎక్కమన్నారు, ఎక్కాం.
ఫిరంగుల సాయం వస్తదన్నారు, రాలా.
రెండ్రోజులు ఆగండి, దోవ చూసొస్తామని
మా మేజరు వైర్‌లెస్‌లో బతిమాలాడు.
అవతల్నించి ఒకటే మాట,
తెల్లారేసరికి జెండా కనపడాల.
ఢిల్లీ నించి ఎవరో చూడ్డానికి వస్తన్నారంట."

జెండా కనపడింది.
ఇరవైమూడు మంది దాన్ని చూడలా.
పదకొండో రోజున దిగి వచ్చెయ్యమన్నారు,
ఆ గుట్టతో పనిలేదని తేలిందంట.

"నేను పట్టాలాన్ని తిట్టట్లా అబ్బయా.
యూనిఫారం ఇయ్యాల్టికీ పెట్టెలో ఉంది, కలరా ఉండల మధ్య.
పిలిస్తే ఈ మోకాలితోనే పోతా.
అడిగేదల్లా, ఆ తొందర ఎవరిదని.
కనిగిరి అవతల ఏసోబు వాళ్లమ్మ
చెంబుతో నీళ్లిచ్చి అడిగింది:
'ఆ కొండ మనదేనా నాయనా?'
మనదేనమ్మా, అన్నా.
అప్పటికి వదిలేసొచ్చి నెలయింది."

వైర్‌లెస్‌లో అవతలి గొంతు ఎవరిదో
నేను అడగలేదు.
పేర్లన్నీ రెండేసిసార్లు చదివిన మనిషి
పై వరస వైపు ఒక్కసారీ చూడలేదు.

కూలికి చెక్కేవాణ్ణి, కాగితంలో ఉన్నట్టే చెక్కాను.
రెండంగుళాలు రెండంగుళాలే, అరంగుళం అరంగుళమే.
అడుగున జానెడు జాగా మిగిలితే
పూలతీగ చెక్కమన్నారు.
చెక్కలేదు.
రాత్రి లైటు పెట్టుకుని దాన్నే సాన పట్టాను,
నా ముఖం నాకు కనపడేదాకా.

ఆవిష్కరణ రోజు పెద్దాయన తెర లాగాడు.
సెల్యూట్ కొట్టి, పేర్లు చూడ్డానికి వంగాడు.
ఆరు పేర్ల కింద నల్లటి జాగాలో
ఆయన ముఖం, చుట్టూ చుక్కలు.
కాసేపు అట్టే ఉండిపోయాడు.
తర్వాత టోపీ సర్దుకున్నాడు.
చప్పట్లు.

కాలేషాకూ ఒక శాలువా కప్పారు.
ఆయన దాన్ని మడిచి సంచీలో పెట్టి,
నా షెడ్డు దగ్గర సైకిలు వదిలి
కనిగిరి బస్సెక్కాడు.

బిల్లు రాసిచ్చాను. అక్షరాలన్నీ లెక్కకొచ్చాయి.
ఆ జానెడు జాగా అందులో లేదు.
అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది దానికే.