పదికి ఎంత

రాత్రి రెండూ పదికి కాల్.
మగ, యాభై నాలుగు, ఛాతీ నొప్పి.
ఊరు లంక. మన బండి రేవు దాకే.
పైలట్ వెంకటరత్నం హెడ్‌లైట్లు గౌతమి మీదకి వేసి ఉంచాడు,
పడవకి ఒడ్డు తెలియాలని.

ముందు తెడ్డు చప్పుడు,
తరవాత మాటలు,
చివరికి మనిషి.
పేరు గెద్దాడ పల్లయ్య. కాయ ఒలుపు పని.
నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయ పొడిచి
మెలితిప్పి, మెలితిప్పి, ముప్పై ఏళ్లు.
ఇప్పుడా గునపం ఎక్కడ దిగిందో
అరచేత్తో చూపించాడు. వేలితో కాదు, అరచేత్తో.
అది రాసుకున్నాను.

వెంట వచ్చిన నలుగురిదీ ఒకటే మాట: "గేసండీ."
ఆర్‌ఎంపీ గారు గేసుకి సూది వేశారు.
భార్య సోడా పట్టించింది, బావమరిది వాము నమిలించాడు.
కాదనను. చాలా రాత్రులు అది గేసే అవుతుంది,
తేనుపు వచ్చి, నవ్వి, ఇంటికెళ్లిపోతారు.
కానీ జబ్బుకి పేరు పెట్టడం నా పని కాదు.
నా పని తూకం,
రేవు గట్టున, రాళ్లు సరిగ్గా లేని తక్కెడతో.

ఎప్పుడు మొదలైంది? భోజనాలయ్యాక.
చేతిలోకి పాకిందా? ఎడం మోచేతి దాకా.
సుగరుందా? చూపించుకోలేదు.
నొప్పి పదికి ఎంత?

అక్కడ ఆగిపోయాడు.
"మేం వందల్లో లెక్కెడతామండీ.
వందకి నాలుగు కాయలు కొసరు."
సరే, వందకి ఎంత?
"కొసరు కూడా కలిపేసుకోండమ్మా."

ఫారంలో అలాంటి గడి లేదు.
పది అని రాశాను.

రొమ్ము మీద చెమట, చెమటలో పీచు పొడి.
స్టిక్కర్లు అంటుకోవు.
గాజుగుడ్డతో తుడిచి, మళ్లీ తుడిచి,
తీగలన్నీ పెట్టి, "కదలకండి, మాట్లాడకండి" అన్నాను.
మాట్లాడింది భార్యే, దేవుడితో.

కాగితం వచ్చింది.
లాకు తలుపు మూసేస్తే ఎగువ నీరు నిలబడిపోయినట్టు
దిగాల్సిన గీత దిగకుండా నిలబడింది,
రెండులో, మూడులో, ఏవీఎఫ్‌లో.
లోపల ఎక్కడో ఒక కాలవ కట్టుబడిపోయింది.
బీపీ తొంభై.
"నాలిక కింద మాత్ర పెట్టరేంటండీ?" బావమరిది.
పెట్టను. ఈ గీతకి, ఈ బీపీకి, పెట్టను.
నాలుగు చిన్న మాత్రలు అరచేతిలో పోశాను,
ఎండుకొబ్బరి నమిలినట్టు నమిలాడు.

సిగ్నల్ కోసం ఏటిగట్టు ఎక్కాను.
ఫోటో వెళ్లదు. గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.
ఆ తిరగడంలో దానమ్మ కనిపించింది.

పోయినేడు. రొయ్యల షెడ్డులో తలలు తీసే మనిషి.
దవడ లాగుతోందంది. రెక్కల మధ్య బరువంది.
పదికి ఎంత అంటే, మూడు అంది.
మూడు అని రాశాను.
మెషిన్ బండిలోనే ఉంది.
దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీలో దింపి, మరో కాల్‌కి వెళ్లిపోయాం.
జీతం గురించైనా జ్వరం గురించైనా
ఆవిడ ఎన్నడూ ఎక్కువ చెప్పే మనిషి కాదని
తరవాత వాళ్లబ్బాయి చెప్పాడు,
మా దుప్పటి ఉతికి తెచ్చిచ్చి.

ఫోను మోగింది. కాకినాడ డాక్టరు.
"అమలాపురం వద్దు, నేరుగా తెచ్చేయండి. గంటలో రాగలరా?"
వెంకటరత్నం అప్పటికే ఇంజను వేశాడు.
"యాభై అయిదు," అన్నాడు, నాకేసి చూడకుండా.

ఎదుర్లంక వంతెన మీద గాలి.
పల్లయ్య నా మణికట్టు పట్టుకుని
"రేపు మూడువేల కాయ ఒలవాలండీ" అన్నాడు.
మాట్లాడొద్దన్నాను.
మాట్లాడుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉందని చెప్పలేదు.

తలుపులు తెరుచుకున్నాయి, స్ట్రెచర్ లోపలికెళ్లింది,
తలుపులు మూసుకున్నాయి.
మాకు అంతవరకే తెలుస్తుంది.

తెల్లారుతుంటే ఫారం పూర్తి చేశాను.
రిస్కు: ఎక్కువ.
రిమార్కుల దగ్గర 'కొసరుతో కలిపి' అని రాసి,
కొట్టేసి,
మళ్లీ రాశాను.
వాడేసిన స్టిక్కర్లు పారేయబోతే
ఒకదానికి అంటుకుని
ఒక్క పీచు పోగు, బంగారు రంగుది.
దాన్ని వేలితో తియ్యబోతుండగా
మళ్లీ కాల్.
ఆడ, అరవై ఒకటి. గేసంట.
మెషిన్ భుజానికి తగిలించుకున్నాను.