మంచు కురిసిన ఎడారి

గ్రీమ్స్‌పేట మిద్దె మీద
మొగిలప్ప ఏంటెనా కొయ్యను
మద్రాసు దిక్కుకు తిప్పుతా ఉంటే
కింద డయనోరా ముందర మేము
అరిస్తా ఉంటిమి:
"వచ్చె... వచ్చె... పాయె!"

ఆ గుర్రాల ఊళ్ళో ఎప్పుడూ మంచే.
షెరీఫుకు రెండు టోపీలు,
ఒకటి నీడది.

నిన్న కొత్త డిస్కు వేసినా.
గీత లేదు, చుక్క లేదు.
ఇసకలో నాడాల అచ్చులు లెక్కపెట్టొచ్చు.
కొండలు గుడ్డ మీద రంగంట,
విలన్ మీసం అంచున జిగురంట,
అన్నీ బయటపడె.

ఒక్కచోట మటుకు,
తుపాకి పేలకముందు,
షెరీఫు చెయ్యి వణికింది.
అప్పట్లో అది సిగ్నల్ అనుకుంటిమి.

రాత్రే మొగిలప్పకు ఫోన్ చేసినా.
"ఇంకా మంచు పడతా ఉండాదా?" అన్నాడు.
"లేదురా.
ఇంక దిగు."