పదకొండో కార్డు

కనిగిరి ఆసుపత్రి వరండాలో
నా ఒళ్ళో పదహారు జతల కార్డులు.
జతకు రెండు ఆసుపత్రులు, ఈ లోకంలో లేనివి.
ఒకటి ఆరు కిలోమీటర్లు, ఇంకోటి అరవై.
ఒకదాంట్లో డాక్టరు తలెత్తి చూస్తాడు,
ఇంకోదాంట్లో చూడడు.
గడియారం బొమ్మ: అరగంట, లేదా నాలుగు గంటలు.
రెండిట్లో ఏది కావాలి, అంతే అడగాలి.
ఎందుకని అడక్కూడదు.
ఎందుకో లెక్కే చెబుతుందన్నారు శిక్షణలో.

నలభై ఏడో మనిషి కాశింబీ.
హనుమంతునిపాడు. మోకాళ్ళు.
పొగాకు జిగటకు వేళ్ళు నల్లబడి
ముట్టుకున్న కార్డుకల్లా ఒక మరక.
ఎకరా చేను బేరమాడినట్టు
ఒక్కో బొమ్మనూ తిప్పి తిప్పి చూసింది.

పదకొండో కార్డు ప్రశ్న కాదు, వల.
దూరం, ఖర్చు, మందులు అన్నీ సమానం.
ఎడమ అరగంట, కుడి నాలుగు గంటలు.
ఎవరైనా ఎడమే తీస్తారు.
తీయకపోతే ప్రశ్న అర్థం కానట్టు.
కాశింబీ కుడివైపు వేలు పెట్టింది.

"సరిగ్గా చూడమ్మా, నాలుగు గంటలు కూర్చోవాలి."

"కూసోవాలనే గదా అబ్బయ్యా.
షెడ్డులో బేళ్ళ కాడ నిలబడి, ఇంటికాడ వంగి.
నెల్లో ఈ ఒక్క పూట
నన్ను లెయ్ అనేవాళ్ళుండరు.
చేతిలో చీటీ ఉంటే
మా ఆయనక్కూడా పని చెప్పే నోరు రాదు.
పైన ఫ్యాను. పక్కన పామూరామె.
పోయిన నెల ఆమె చెప్పేది సగంలో ఆగింది."

నేనడగలేదు, తనే చెప్పింది.
రాసేందుకు ఫారంలో గడి లేదు.
మార్జిన్లో రాశాను, పెన్సిల్‌తో, చిన్నగా.

రాత్రి ఒంగోలు లాడ్జిలో
మూడొందల పన్నెండు వరసలు.
ఎదురుచూపు ముందు మైనస్ రావాలి.
వచ్చింది గానీ, జ్వరం తగిలిన మనిషిలా
నిలబడలేకపోతోంది.
నియమం ప్రకారం
వలలో పడ్డవాళ్ళను తీసేశాను. పందొమ్మిది మంది.
అందులో పద్దెనిమిది మంది ఆడవాళ్ళని
తీసేశాకే చూశాను.

మైనస్ గట్టిపడింది.
పక్కన మూడు నక్షత్రాలు.
ఒక గంట ఎదురుచూపు తప్పితే
ఇక్కడి రోగి డెబ్బై రెండు రూపాయలు ఇస్తాడని తేల్చాం.
ఇస్తాడు అనే రాశాం.

మరుసటేడు వెళితే టోకెన్ మిషను.
ఫోనుకు మెసేజీ, పావుగంటలో డాక్టరు.
బెంచీలన్నీ సైకిల్ స్టాండు వెనక
ఒకదాని మీదొకటి, కాళ్ళు పైకి.
కాశింబీ పదింటికి లోపలికెళ్ళి
పదీ ఇరవైకి మాత్రల పొట్లంతో బయటికొచ్చింది.
పామూరామె వచ్చేది పన్నెండుకట.

నన్ను చూసి ఆగింది.
"కార్డులు తేలేదా ఈసారి?"
లేదన్నాను.

"తెచ్చుంటే బాగుండు అబ్బయ్యా,
కాసేపు కూసునేదాన్ని."