వాలు

నరిన్ ఊళ్ళో పాత టెలిగ్రాఫ్ ఆఫీసు మేడ మీద
మా గదికి ఒకటే కిటికీ.
అందులో సగం కొండ, సగం పక్కింటి రేకు.
అక్టోబరు నుంచీ వాదించుకుంటూనే ఉన్నాం
నేనూ, తోలోగోనూ,
కొండని ఎలా చూపించాలని.

బడిపిల్లల కోసం చేస్తున్న ఆట.
మంచు ఎక్కడ పెళ్ళలుగా విరుగుతుందో,
ఏ వాలు మీద కాలు పెట్టకూడదో
ఆడుతూ తెలుసుకోవాలి.
ముప్పై డిగ్రీలు దాటితే ఆగు.
అంతే పాఠం. దానికి ఇంత రభస.

తోలోగోన్ కొండని ముక్కోణాలతో కట్టాడు.
వేలితో తిప్పితే తిరుగుతుంది.
ఎండ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి జారుతుంది,
లోయలోకి నీడ నీళ్ళలా దిగుతుంది.
చూసి కుళ్ళుకున్నాను, అబద్ధమెందుకు.
కానీ బళ్ళో ఉన్నవి ఆరేళ్ళ నాటి టాబ్లెట్లు, పదకొండు,
రెండింటికి అద్దం పగిలింది.
వాటిలో అతని కొండ వేడెక్కి, నత్తలా కదిలి,
భారం మోయలేక
వెనక శిఖరాల్ని తనే చదును చేసుకునేది.
"దూరపు కొండలు నునుపు" అన్నాను.
అతను నవ్వలేదు.

నేను బల్లపరుపు మనిషిని.
మా అమ్మమ్మ రెండు రంగుల ఉన్నిపట్టల్ని
ఒకదాని మీద ఒకటి పరిచి
ఒకే కత్తితో కోసేది.
ఎరుపులో పడ్డ ఖాళీని నలుపు నింపేది,
నలుపులో ఖాళీని ఎరుపు.
పొట్టేలు కొమ్ములా వంగిన ఆ గీతకి మందమే లేదు.
అయినా చలికాలమంతా దాని మీదే
ఏడుగురం పిల్లలం
లేని గొర్రెల్ని తోలుకుంటూ కొండలెక్కాం.

అందుకే నా కొండకి నాలుగే రంగులు.
తెలుపు, బూడిద, లేతనీలం,
చావుకి నారింజ.
గీతలు దగ్గరైతే నిట్రం, ఎడమైతే మెత్తన.

"నీ కొండకి వీపు లేదు" అన్నాడొక రాత్రి.
వాళ్ళ చిన్నాన్న దొరికింది వీపువైపే,
మంచు కరిగాక, ఏప్రిల్లో.
ఆ సంగతి నాకు తెలుసు.
కెటిల్ పొయ్యి మీంచి దించాను,
ఇంకేం చెయ్యాలో తోచక.

ఆట్-బాషి బళ్ళో పరీక్ష పెట్టాం.
అతని కొండ అందుకున్న కుర్రాడు
బొంగరంలా తిప్పాడు, గద్దని వెతికాడు,
కిలకిలా నవ్వుతూ
గొర్రెలకాపరిని నేరుగా మంచు నోట్లోకి పంపాడు.
మళ్ళీ, మళ్ళీ పంపాడు. అదే వాడికి నచ్చింది.

ఐజార్కిన్‌కి నాది ఇచ్చాం.
తొమ్మిదేళ్ళ పిల్ల, మోచేతుల దాకా సుద్దపొడి.
నారింజ దగ్గర ఠక్కున ఆగింది.
గెలిచానని నేను అనుకునేలోపే
టాబ్లెట్ ఎత్తి కంటి దగ్గర అడ్డంగా పెట్టుకుని
అంచు మీంచి తొంగిచూసింది.
"ఏం చూస్తున్నావ్?"
"వెనకెంత మంచుందోనని."

తోలోగోన్ నా వంక చూళ్ళేదు.
చూసినా బాగుండేది.

తర్వాత ఆ పిల్ల చేసింది ఎవరూ చెప్పలేదు.
టాబ్లెట్‌ని బల్ల మీద పడుకోబెట్టి
నా శిఖరం మీద ఇంత సుద్ద రాల్చి
ఒక అంచు పట్టి నెమ్మదిగా లేపింది.
పొడి కదల్లేదు.
ఇంకొంచెం. కదల్లేదు.
ఇంకో వెంట్రుకవాసి.

తెల్లగా, చప్పుడు లేకుండా, మొత్తం ఒక్కసారే
జారి ఆమె ఒళ్ళో పడింది.

"ఇంత వాలు" అంది, చెయ్యి అలాగే ఉంచి.

బస్సులో గంటసేపు ఎవరం మాట్లాడలేదు.
దారిలో ఒకచోట టైరు మార్చారు.
టాబ్లెట్‌కి తన వాలు తనకి తెలుసు,
ఆ మీట లోపల ఎప్పటినుంచో ఉంది,
మేమే అడగలేదు.
బొమ్మ బల్లపరుపుగానే ఉంటుంది.
కొండ మాత్రం పిల్లల చేతుల్లో లేస్తుంది.

బోర్లిస్తే వీపు కనబడాలి. అదొక్కటీ మిగిలింది.
నేను గీస్తానన్నాను. వద్దన్నాడు.
బళ్ళో వదిలేశాక పెన్సిల్ పట్టని మనిషి,
మూడు వారాలుగా కిటికీ దగ్గర
రేకువైపు తిరిగి కూర్చుంటున్నాడు.
నేల మీద చెక్కిన పెన్సిల్ పొట్టు.
కాగితం ఇంకా నాకు చూపించలేదు.